పిల్లలు లేని ట్రైనింగ్ బడి: విద్యాశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను 2021లో రిటైరైన టీచర్ని. ముప్పై ఏడేళ్ల సర్వీసు. సెకండరీ గ్రేడ్‌గా చేరాను, స్కూల్ అసిస్టెంట్‌నయ్యాను, చివరి పదకొండేళ్లూ డెప్యుటేషన్ మీద, జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ అయిన ఒక డైట్‌లో లెక్చరర్‌గా చేశాను. అంటే కాబోయే టీచర్లకి పాఠం ఎలా చెప్పాలో చెప్పడం నా ఉద్యోగం. ప్రస్తుతం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గరున్నాను. ఆరు నెలల వీసా, మనవడిని చూసుకునే డ్యూటీ. ఇక్కడ ఖాళీ బాగా దొరికింది. పక్క ఊళ్లో లైబ్రరీ ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఒక ఆదివారం మా అల్లుడు లెక్సింగ్టన్ అనే ఊరు తీసుకెళ్లాడు. 1775 ఏప్రిల్ 19న అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది అక్కడే. బోస్టన్ చుట్టుపక్కలున్న మనవాళ్లు ఇంటికొచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా అక్కడికి తీసుకెళ్తారు. తుపాకీ పట్టుకున్న రైతు విగ్రహం ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు. నాకూ తీశారు. ఆ పచ్చిక మైదానం అంచున, రోడ్డుకి అవతల, ఓ పాత చెక్క భవనం ఉంది. దానివైపు ఎవరూ చూడటం లేదు. 1839 జులై 3న అమెరికాలో మొట్టమొదటి ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ స్కూలు ఆ భవనంలోనే మొదలైందని తెలిసి నేను విగ్రహాన్ని వదిలేసి అటు నడిచాను. మనవడు ఐస్‌క్రీమ్ అని చెయ్యి లాగుతున్నాడు. "అత్తయ్యా, అందులో చూడ్డానికేం లేదు" అన్నాడు అల్లుడు. నిజమే, చూడ్డానికేం లేదు.

ఆ రోజు ఆ స్కూల్లో చేరడానికి వచ్చింది ముగ్గురే ముగ్గురు అమ్మాయిలు. ప్రిన్సిపాల్ పేరు సైరస్ పీర్స్. వయసు 48. ఆ సాయంత్రం తన డైరీలో, దేశంలో మొదటి నార్మల్ స్కూలు ఈ రోజు మొదలైందనీ, ముగ్గురు విద్యార్థినులు పరీక్షకి కూర్చుని చేరారనీ రాసుకున్నాడు. హాకిన్స్, స్మిత్, డామన్ అని వాళ్ల ఇంటిపేర్లు కూడా రాశాడు. ఓ రాష్ట్రం తలపెట్టిన అంత పెద్ద పథకానికి మొదటిరోజు హాజరు మూడు. మన దగ్గరైతే మధ్యాహ్నానికల్లా షోకాజ్ నోటీసు వచ్చేది.

నార్మల్ స్కూలు అన్న పేరు మీకు వింతగా అనిపించొచ్చు. లాటిన్‌లో నార్మా అంటే వడ్రంగి చేతిలో ఉండే మూలమట్టం. పని వంకర పోకుండా సరిచూసుకునే కొలత. ఫ్రెంచివాళ్లు టీచర్లని తయారుచేసే బడికి ఆ పేరు పెట్టారు, అమెరికావాళ్లు అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు. మనకీ వచ్చింది. 1854లో వుడ్స్ డిస్పాచ్ అనే బ్రిటిష్ విద్యా విధాన పత్రం ఇండియాలో నార్మల్ స్కూళ్లు పెట్టాలని చెప్పింది. మా పెద్దమ్మ తరం వాళ్లు ట్రైనింగ్ బడిని నార్మల్ బడి అనడం నేను చిన్నప్పుడు విన్నాను. నేను టీటీసీ, అంటే టీచర్ ట్రైనింగ్ కోర్సు, చదివే నాటికి ఆ మాట పోయింది.

పీర్స్ గురించి చెప్తాను. ఈ ఉత్తరంలో అసలు సంగతి ఆయనే.

1790లో బోస్టన్ దగ్గర వాల్తమ్ అనే ఊళ్లో పుట్టాడు. 1810లో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్నాడు. నాంటకెట్ అనే ద్వీపంలో బడి నడిపాడు. తిమింగలాల వేట మీద బతికే ఊరది. మధ్యలో మతవిద్య చదివి 1819లో చర్చిలో పాస్టర్ అయ్యాడు. ఎనిమిదేళ్లు ప్రసంగాలు చేసి, 1827లో అది మానేసి మళ్లీ బడికే వచ్చేశాడు. 1831లో మళ్లీ నాంటకెట్. 1838లో అక్కడ ప్రభుత్వ హైస్కూలు తెరిస్తే దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. మరుసటి ఏడు హోరేస్ మన్ వచ్చి లెక్సింగ్టన్‌కి పిలిచాడు. మన్ ఆ రాష్ట్ర విద్యా మండలికి కార్యదర్శి. మన బీఎడ్ పుస్తకాల్లో ఒక్క పేరాలో కనిపించి పోయే పెద్దమనిషి.

కుర్రతనంలో పీర్స్ బెత్తం బాగానే వాడాడు. ఆ రోజుల్లో బడి అంటేనే బెత్తం. మన వీధి బడుల గోడకుర్చీలూ, కోదండాలూ ఏ పాటివో అక్కడి పల్లె బడులూ ఆ పాటివే. తర్వాత తర్వాత నాంటకెట్‌లో ఆయన మనసు మారింది. కొట్టడం మానేశాడు. కొట్టిన రోజులు గుర్తొస్తే బాధపడేవాడట. నాకు ఈ ముక్క దగ్గర కాసేపు పుస్తకం మూసేయాల్సి వచ్చింది. నా సర్వీసులో మొదటి నాలుగేళ్లు నేను వాడిన స్కేలు, అది ఎవరి చేతుల మీద పడిందో ఆ పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తే. ట్రైనింగ్‌లో నాకెవరూ కొట్టమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. కొట్టకుండా నలభై మందిని ఎలా కూర్చోబెట్టాలో చేసి చూపించిన వాళ్లయితే అసలే లేరు.

ఆ చేసి చూపించడం దగ్గరే ఈ మనిషి నాకు పట్టుబడ్డాడు.

లెక్సింగ్టన్ స్కూల్లో ఆయన ఒక్కడే టీచరు. అమ్మాయిలకి అంకెలు, వ్యాకరణం, భూగోళం, శరీర శాస్త్రం అన్నీ ఆయనే చెప్పాలి. వచ్చినవాళ్లకి మామూలు బడి చదువే సరిగ్గా లేదని డైరీలో వాపోయాడు. కాబట్టి ముందు వాళ్లకి పాఠం నేర్పాలి, ఆ తర్వాత పాఠం చెప్పడం నేర్పాలి. ఇది ఏ డైట్ లెక్చరర్ని అడిగినా చెప్తారు, రెండువందల ఏళ్లకీ మారని కష్టం. అయితే పీర్స్ అదే భవనంలో ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. ఊళ్లోంచి ఆరు నుంచి పదేళ్ల లోపు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ముప్పై మంది దాకా చేర్చుకుని చిన్న బడి తెరిచాడు. దానికి మోడల్ స్కూల్ అని పేరు. మంత్రి గారూ, ఈ మాట వినగానే మీ సెక్రటరీ గారు వెనకబడిన మండలాల్లో కట్టిన మన ఏపీ మోడల్ స్కూళ్ల ఫైలు పట్టుకొస్తారు. అది కాదు, ఇది వేరు. ఇది ట్రైనింగ్ అమ్మాయిలు నడిపే పిల్లల బడి. వాళ్లలోనే ఒకరు ఆ బడికి పెద్ద, మిగతావాళ్లు వంతులవారీగా టీచర్లు.

పీర్స్ రోజుకి రెండుసార్లు ఆ చిన్నబడిలోకి వెళ్లేవాడు. వెళ్లినప్పుడల్లా అరగంట. ఆ అరగంటలో ఏం చేసేవాడో 1841లో హెన్రీ బార్నార్డ్ అనే విద్యాధికారికి రాసిన ఉత్తరంలో ఉంది. ఒక్కోసారి ఊరికే కూర్చుని బడి మొత్తం ఎలా నడుస్తోందో చూసేవాడు. ఒక్కోసారి ఒకే అమ్మాయి పాఠం మీద చెవి పెట్టేవాడు. మరోసారి తానే చాక్‌పీసు పుచ్చుకుని పిల్లలకి పాఠం చెప్పేవాడు, అప్పుడు ఆ అమ్మాయి కూర్చుని చూడాలి. చూసిన లోపాలు రాసుకుని, తర్వాత తన క్లాసులో అందరి ముందూ ఆ పాఠాన్ని విప్పి మాట్లాడుకునేవాళ్లు. పాఠం అప్పజెప్పించుకోవడానికి కూడా ఆయనకి ఒకే పద్ధతి లేదు. ప్రశ్నా జవాబూ ఒకటి. మాటల్లో పెట్టి లాగడం ఒకటి. పాఠం మొత్తాన్ని ఒకరి చేత విడమరిచి చెప్పించడం ఇంకొకటి. అదే కాగితం మీద రాయించడం నాలుగోది. అమ్మాయిలు కూడా డైరీలు రాయాలి. మేరీ స్విఫ్ట్ అనే అమ్మాయి రాసిన డైరీ ఇప్పటికీ ఉంది. దాన్నీ పీర్స్ డైరీనీ కలిపి 1926లో అచ్చు వేశారు.

పీర్స్ రాసిన ఆ ఉత్తరం చదివాక నేను నా సంగతి చెప్పుకోక తప్పదు.

నేను డైట్‌లో చేరిన మూడో ఏడు. టీచింగ్ ప్రాక్టీస్ కోసం మా ఛాత్రోపాధ్యాయుల్ని, అంటే ట్రైనీల్ని, పక్క ఊరి ప్రాథమిక పాఠశాలకి పంపాం. పర్యవేక్షణకి నేను వెళ్లాను. మూడో తరగతి. ఒక అమ్మాయి అరువు తెచ్చుకునే తీసివేతలు చెప్తోంది. 52లోంచి 38. చార్టు బాగుంది, లెసన్ ప్లాన్ బాగుంది, మెట్టు తర్వాత మెట్టు అన్నీ ఉన్నాయి. పిల్లల్లో సగం మంది 26 అని రాశారు. నేను వెనక కూర్చుని అబ్జర్వేషన్ పుస్తకంలో "బోధన సంతృప్తికరం" అని రాస్తున్నాను. ఆ అమ్మాయి బేలగా చూసి, "మేడమ్, మీరొకసారి చెప్పి చూపించరా?" అంది. అంతవరకూ నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు.

లేచాను. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించి రబ్బరు బ్యాండ్లు వేయించాను. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. కట్ట విప్పి చూపించాను. అందరూ సరిగ్గా చేశారనుకుని బోర్డు మీద ఇంకో లెక్క ఇస్తే వెనక వరసలో ఒక బాబు మళ్లీ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. ఎందుకలా చేశావురా అంటే, "రెండులోంచి ఎనిమిది పోదు కదండీ, అందుకని ఎనిమిదిలోంచి రెండు తీశా" అన్నాడు. పుల్లలతో చేయమంటే చేస్తున్నాడు. పలక మీదకి రాగానే మళ్లీ అదే. పుల్లకీ అంకెకీ వాడి బుర్రలో చుట్టరికం కుదరలేదు. ఆ పూట నేను కుదర్చలేకపోయాను. బెల్లు కొట్టేశారు. పన్నెండు మంది ట్రైనీలు చూస్తుండగా వాళ్ల లెక్చరర్ మూడో తరగతి లెక్కలో ఓడిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్టాపు దగ్గర మేం గంటన్నర నిలబడి మాట్లాడుకున్నాం. వాడికి పుల్లలు విప్పుతూనే పక్కన అంకె కూడా మార్చి రాయించి ఉండాల్సింది అని ఒకరు. 52 అంటే యాభై రెండు అని కాకుండా అయిదు పదులు, రెండు అని పిలిపించాలని ఒకరు. బస్సు రెండు పోయాయి. రెండేళ్ల కోర్సులో వాళ్లు నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ గంటన్నర ఒక ఎత్తు. తర్వాత ఎనిమిదేళ్లలో నేను అలాంటి పూటలు ఎన్ని గడిపానో లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలు. డైట్ ఆవరణలో మాకు పిల్లల బడి లేదు. ఊళ్లో బడికి వెళ్లాలంటే అనుమతులు, పరీక్షల సీజను, ఆ హెడ్‌మాస్టారి మూడ్. నా మీద మూడు సబ్జెక్టుల భారం, ఎందుకంటే మిగతా ఇద్దరు లెక్చరర్ల పోస్టులు ఖాళీ. నేను పిల్లల మనస్తత్వ శాస్త్రం చెప్పిన గదికి పది అడుగుల దూరంలో ఒక్క పిల్ల కూడా లేదు.

ప్రైవేటు కాలేజీల సంగతి మీకు నేను చెప్పాలా? ఒకసారి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఒక డీఎడ్ కాలేజీకి వెళ్లాను. పేరు రాయను. అందరూ నాన్ అటెండింగ్. పరీక్ష రోజే మొహాలు చూడటం. పన్నెండు రికార్డుల్లో ఒకే చేతిరాత. అన్నిట్లోనూ అదే రామచిలక బొమ్మ, అదే ఆకుపచ్చ స్కెచ్‌పెన్ను. పరిశీలన పుస్తకాల్లో చివరి వాక్యం అందరిదీ ఒకటే: "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు." ఏ పిల్లలు? మధ్యాహ్నం మాకు బిర్యానీ పెట్టారు. నేను సంతకం పెట్టాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. టీచర్ ట్రైనింగ్ మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదికలో దేశమంతా ఇదే పరిస్థితి ఉన్నట్టు తేల్చింది, కాబట్టి నేను కొత్తగా బయటపెడుతున్న రహస్యమేమీ లేదు.

మళ్లీ లెక్సింగ్టన్‌కి వస్తాను. పీర్స్ స్కూలు తెరిచి ఏడాదన్నా నిండకుండానే దాని మెడ మీద కత్తి పడింది. ఆ స్కూళ్లకి డబ్బు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. 1838లో ఎడ్మండ్ డ్వైట్ అనే వ్యాపారి పదివేల డాలర్లు ఇస్తానన్నాడు, ప్రభుత్వం కూడా అంతే వేయాలని షరతు పెట్టాడు. ప్రభుత్వం వేసింది. మొత్తం ఇరవై వేలు, మూడేళ్ల ప్రయోగం. లెక్సింగ్టన్, బారీ, బ్రిడ్జ్‌వాటర్ అని మూడు ఊళ్లలో మూడు స్కూళ్లు. 1840 మార్చిలో శాసనసభలో కొందరు విద్యా మండలినీ నార్మల్ స్కూళ్లనీ ఎత్తేయాలని పట్టుబట్టారు. కమిటీ చెప్పిన కారణం ఏమిటంటే, చదువుకున్న ప్రతివాడికీ ఆ చదువుకోవడంలోనే చదువు చెప్పడం కూడా వచ్చేస్తుందట. దీనికి వేరే ట్రైనింగ్ ఎందుకట.

ఈ మాట నేను మన ఊళ్లలో ఎన్నిసార్లు విన్నానో. "డిగ్రీ పాసైనవాడు మూడో తరగతికి చెప్పలేడా?" అని. పెళ్లిలో విన్నాను, రైల్లో విన్నాను, ఒకసారి జిల్లా స్థాయి సమీక్షలో ఒక పెద్ద అధికారి నోటే విన్నాను. ఆయన్ని ఆ 52లోంచి 38 బాబు ముందు కూర్చోబెట్టాలనిపించింది.

ఓటింగులో 182 మంది ఎత్తేద్దామన్నారు, 245 మంది ఉంచుదామన్నారు. స్కూళ్లు బతికాయి. ఆ రోజు ఇంకో ముప్పై రెండు మంది అటు తిరిగి ఉంటే లెక్సింగ్టన్ కథ అక్కడితో సరి.

పీర్స్ మటుకు చచ్చేంత పని చేశాడు. తెల్లవారుజామున లేచి పొయ్యిలు రాజేసేవాడు, మంచు తవ్వేవాడు. రాత్రి నిద్ర మూడు నాలుగు గంటలే. ప్రిన్సిపాల్, లెక్చరర్, ప్యూను, వాచ్‌మన్ అన్నీ ఆయనే. ఈ పనిలో ఓడిపోవడం కంటే చావడం నయం అన్నాడట. దయచేసి ఈ పేరా ఆర్థిక శాఖ వారికి చూపించకండి. ఒక్క మనిషితో మొత్తం సంస్థ నడపొచ్చని మురిసిపోతారు. మూడేళ్లకి, 1842లో, ఆరోగ్యం చెడి రాజీనామా చేశాడు. త్యాగం చేసినందుకు నేను ఆయన్ని మెచ్చుకోవడం లేదు. ఇద్దరు అసిస్టెంట్లని ఇచ్చి ఉంటే ఆయన పడిపోయేవాడు కాదు. అప్పుడూ ఖాళీ పోస్టులే.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ స్కూల్లో అమ్మాయిల్నే చేర్చుకోవడం వెనక అభ్యుదయం ఒక్కటే లేదు. ఆడ టీచర్లకి మగ టీచర్ల కంటే చాలా తక్కువ జీతం ఇస్తే సరిపోయేది. చౌకగా వస్తారు కాబట్టి వాళ్లకి తలుపు తీశారు. మా నాన్న నన్ను టీటీసీలో చేర్పించినప్పుడు "ఆడపిల్లకి పది నుంచి నాలుగు, ఇల్లూ చూసుకోవచ్చు" అన్నట్టే. తలుపు ఎందుకు తీసినా లోపలికి వెళ్లినవాళ్లు ఊరుకోలేదు. మేరీ స్విఫ్ట్ పెర్కిన్స్ అంధుల పాఠశాలలో లారా బ్రిడ్జ్‌మన్‌కి టీచరైంది. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లకి అక్షరాలు నేర్పవచ్చని హెలెన్ కెల్లర్ కంటే యాభై ఏళ్ల ముందే రుజువు చేసిన పిల్ల ఆ లారా. నాంటకెట్‌లో పీర్స్ దగ్గర చదివి, ఆయన బడిలోనే సహాయకురాలిగా పనిచేసిన మరియా మిచెల్ 1847లో టెలిస్కోపుతో కొత్త తోకచుక్కని పట్టుకుంది. అమెరికాలో ఖగోళ శాస్త్రాన్ని వృత్తిగా చేసుకున్న మొదటి మహిళల్లో ఆమె ఒకరు. ఎలెక్టా లింకన్ అనే మరో శిష్యురాలు 1849లో పీర్స్ తప్పుకున్నాక కొంతకాలం స్కూలు మొత్తం నడిపింది. పర్మనెంటు ప్రిన్సిపాల్ పోస్టు మాత్రం మగవాడికే ఇచ్చారు. ఇన్‌చార్జి పెత్తనం ఆడవాళ్లకి, రెగ్యులర్ పోస్టు మగవాళ్లకి. మనకీ అలవాటైన పద్ధతే.

పీర్స్ మధ్యలో రెండేళ్లు విశ్రాంతి తీసుకుని 1844లో తిరిగొచ్చాడు. అప్పటికి స్కూలు వెస్ట్ న్యూటన్‌కి మారింది. ఇంకో అయిదేళ్లు చేశాడు. 1849లో ప్యారిస్‌లో జరిగిన శాంతి మహాసభకి ప్రతినిధిగా వెళ్లాడు. తిరిగొచ్చాక కూడా ఇంకో బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఉండి 1860 ఏప్రిల్‌లో పోయాడు. ఆయన రోజూ క్లాసు ముగించేటప్పుడు అమ్మాయిలతో ఒకే మాట అనేవాడు: సత్యానికి కట్టుబడి బతకండి. పన్నెండు రికార్డుల్లో ఒకే చేతిరాత చూసి సంతకం పెట్టిన నాకు ఆ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ ఎదురుకానందుకు సంతోషించాలో ఏడవాలో తెలియదు.

ఇక మీతో నా అసలు పని.

ఆ స్కూలు 1853లో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరికి వెళ్లింది. మా అమ్మాయి ఇంటికి పావుగంట దూరం. నార్మల్ స్కూలు కాస్తా టీచర్స్ కాలేజీ అయింది, ఆ తర్వాత స్టేట్ కాలేజీ అయింది, 2010లో యూనివర్సిటీ అయింది. అమెరికాలో నార్మల్ స్కూళ్లు చాలావరకు ఇదే దారిలో నడిచాయి. కామర్స్, సైకాలజీ, కంప్యూటర్లు అన్నీ వచ్చి చేరాయి. హోదా పెరిగింది, భవనాలు పెరిగాయి. పెరుగుతూ పెరుగుతూ చాలా చోట్ల ఆవరణలో ఉన్న పిల్లల బడి ఎగిరిపోయింది. రోజుకి రెండుసార్లు అరగంట వెళ్లి కూర్చునే ప్రొఫెసర్ పోయాడు. నేను ఫ్రామింగ్‌హామ్ వెళ్లి ఆ ఆవరణంతా తిరిగాను. అందంగా ఉంది. నేను తిరిగిన గంటలో చిన్నపిల్లల గొంతు వినపడలేదు.

2020 జాతీయ విద్యా విధానం మన టీచర్ ట్రైనింగ్ సంస్థల్ని 2030 నాటికి బహుళ విభాగాల కాలేజీలుగా మార్చాలంటోంది. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ అంటోంది. దాన్ని తప్పుపట్టడానికి నేను రాయడం లేదు. నాన్ అటెండింగ్ కాలేజీలు మూతపడితే నా కంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ డైట్లని ఎక్కడో డిగ్రీ కాలేజీలో ఒక డిపార్ట్‌మెంటుగా కలిపే రోజున, ఆ ఫైలు మీ టేబుల్ మీదకి వచ్చినప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో పిల్లల బడి ఎక్కడుంది?" ఇంటర్న్‌షిప్‌కి బయటి బడులకి పంపుతాం అని అధికారులు చెప్తారు. ఇంటర్న్‌షిప్ ఎలా జరుగుతుందో నాకు తెలుసు. టీచర్లు లేని బడిలో ఆ ట్రైనీయే టీచరు. పాపం ఆ అమ్మాయి మధ్యాహ్న భోజనం ఫోటోలు అప్‌లోడ్ చేసి, అటెండెన్స్ యాప్ నింపి, ఎలాగో నాలుగు పాఠాలు చెప్పి వస్తుంది. ఆ పాఠం చూసినవాళ్లు లేరు, చెప్పి చూపించినవాళ్లు లేరు, తర్వాత కూర్చుని విప్పి మాట్లాడినవాళ్లు లేరు. సర్టిఫికెట్ చేతికి రాగానే అవనిగడ్డ బస్సెక్కి డీఎస్సీ కోచింగ్‌కి పోతుంది. పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే పుట్టిన సంవత్సరం కంఠతా వస్తుంది. ఆ 26 రాసిన బాబు దగ్గరికి మాత్రం నేనెలా వెళ్లానో అలాగే, ఏమీ తెలియకుండా వెళ్తుంది.

నేను అడుగుతున్నది కొత్త పథకం కాదు, కొత్త పేరూ కాదు. ప్రతి డైట్ ఆవరణలో, లేదా గోడకి ఆనుకుని, ఒక మామూలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉండాలి. ఏరికోరి చేర్చుకున్న పిల్లలు కాదు, ఆ వీధి పిల్లలు. కొన్నిచోట్ల అలాంటి బడి ఇప్పటికే ఉంది, దానికి డైట్‌తో సంబంధం తెగిపోయింది, అంతే. డైట్‌లో ప్రతి లెక్చరరూ, ప్రిన్సిపాల్‌తో సహా, వారానికి కొన్ని పీరియడ్లు ట్రైనీల ముందు ఆ పిల్లలకి పాఠం చెప్పాలి. ట్రైనీ చెప్తుంటే వెనక కూర్చుని చూడాలి. ఆ సాయంత్రమే మాట్లాడుకోవాలి. దీనికి ముందు లెక్చరర్ పోస్టులు నింపాలి, డెప్యుటేషన్లతో కాదు. రికార్డుల స్థానంలో ట్రైనీల చేత డైరీ రాయించండి. రామచిలక బొమ్మలు వద్దు, ఏ పిల్లకి ఏం అర్థం కాలేదో రాస్తే చాలు. ఒకరి డైరీ ఇంకొకరి చేత రాయించుకోవడం కష్టం. ఎవరి క్లాసులో పిల్లలు వాళ్లవి కదా.

దీనికి కోట్లు అక్కర్లేదు. అయితే లెక్చరర్లకి ఇది నచ్చదని మీకు ముందే చెప్తున్నాను. పిల్లల ముందు ఓడిపోతామని భయం. నాకూ ఉండేది. యూనియన్ నుంచి వినతిపత్రం వస్తుంది. సంతకాల్లో నా స్నేహితులవి కూడా ఉంటాయి. అయినా వెనక్కి తగ్గకండి.

వచ్చే నెలాఖరుకి నేను ఇంటికి తిరిగొస్తున్నాను. మీరు ఏ డైట్‌కి రమ్మంటే ఆ డైట్‌కి నా ఖర్చులతో వస్తాను. మూడో తరగతి పిల్లల్ని ముప్పై మందిని కూర్చోబెట్టించండి, చీపురుపుల్లలు నేను తెచ్చుకుంటాను. అరువు తీసివేత ఒక పీరియడ్ చెప్తాను. మీకు వీలైతే ఒక అరగంట వెనక బెంచీలో కూర్చుని నా తప్పులు రాసుకోండి. తర్వాత ట్రైనీలతో కలిసి మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ఫ్రామింగ్‌హామ్ దగ్గర నుంచి